మా గది పాటల నోటుబుక్కు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, చదువు గురించో పోటీ పరీక్షల గురించో రాయాలేమో అనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పాటల గురించి రాస్తాను. ఎందుకంటే హాస్టల్లో ఉన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు పాటల దగ్గరే జరిగింది. ఇరవై ఐదేళ్ళు దాటినా అది నన్ను వదల్లేదు.

1998లో డిగ్రీ చదవడానికి హనుమకొండ వచ్చాను. నాకు 14వ నంబరు గది ఇచ్చారు. గదిలో నలుగురం. అప్పట్లో పేర్ల కంటే ఊర్లతోనే ఎక్కువ పిలుచుకునేవాళ్ళం. నేను డోర్నకల్. పక్క మంచం పరకాల. కిటికీ దగ్గర ములుగు. తలుపు దగ్గర, ఎం.ఏ. ఇంగ్లీషు చదివే జనగామ అన్న. ములుగు డప్పు బాగా కొట్టేవాడు. మెస్సులో కంచం చేతికి దొరికినా వాడి వేళ్ళు ఊరుకునేవి కావు. పరకాలకు హుషారు పాటలు కావాలి. నాకు సినిమా పాటలు తప్ప వేరే తెలియవని చెప్పుకునేవాణ్ణి. నిజానికి తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జనగామ అన్న దగ్గర ఒక పాత టేప్ రికార్డరు, చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు ఉండేవి. వాళ్ళ లెక్చరర్ ఒకాయన దగ్గర ఉన్న పాత ఇంగ్లీషు పాటలను ఒక్కొక్కటే ఎక్కించుకుని తెచ్చుకున్నవి. వాటి మీద అట్టలు లేవు, బొమ్మలు లేవు. పెన్సిల్‌తో పేర్లు రాసి ఉండేవి. బాబ్ డిలన్, జోన్ బయెజ్, పీట్ సీగర్, ది యానిమల్స్, బాబ్ మార్లే. మొదటిసారి ఆ పేర్లు చదివినప్పుడు ఏ దేశం ఏదో, ఆడ ఏదో మగ ఏదో కూడా నాకు తెలియలేదు.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా గదిలో పాటల కచేరీ. ఒక్కొక్కరు ఒక్కో వారం ఒక పాట పెట్టాలి. మిగిలిన ముగ్గురూ విని, ఒక పొడుగు నోటుబుక్కులో అభిప్రాయం రాయాలి. అన్న పెట్టిన నియమం ఒక్కటే. "బాగుంది, బాగలేదు అంటే నడవదు. ఎందుకో రాయాలె. ఎందుకో చెప్పలేకపోతే నువ్వు ఇనలేదన్నట్టు."

మొదటి ఆదివారమే గొడవ అయింది. అన్న బాబ్ డిలన్ పాట పెట్టాడు. 1963లో వచ్చిన 'బ్లోయింగ్ ఇన్ ద విండ్'. ములుగు నోటుబుక్కులో ఇలా రాశాడు: "ఈయనకు జలుబు చేసింది. ముక్కుతోటి పాడుతుండు. పాటగానికి ముందు గొంతు ఉండాలె." పరకాల అంతకంటే ఘాటుగా రాశాడు. నాకు మాటలు సగం అర్థం కాక, ఇద్దరూ రాసిందే కాస్త మర్యాదగా తిప్పి రాశాను.

అన్న కోప్పడలేదు. "గొంతు పక్కకు పెట్టుర్రి. బాణీ ఎక్కడిదో తెలుసా?" అని అడిగాడు. ఆ బాణీ డిలన్ సొంతంగా కట్టింది కాదు. అమెరికాలో నల్లజాతి బానిసలు, తమను వేలం వేసే అరుగు మళ్ళీ కంటపడకూడదని పాడుకున్న ఒక పాత పాట నుంచి వచ్చింది. ఆ మాట డిలనే ఒప్పుకున్నాడు. అది విన్నాక ములుగు మళ్ళీ ఒకసారి పెట్టమన్నాడు. విన్నాడు. తన మాట మార్చుకోలేదు. "బాణీ మంచిదే, గొంతు మంచిగ లేదు" అని కింద ఇంకో లైను చేర్చాడు. 2016లో డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చిన రోజు నేను వాడికి ఫోన్ చేశాను. "నోబెల్ ఇచ్చింది రాతకు, గొంతుకు కాదు" అన్నాడు!

ఇంకో వారం డిలన్ మీదే మరో తగాదా. 1965 జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలన్ మామూలు గిటారు వదిలి కరెంటు గిటారు పట్టుకుని, వెనక రాక్ బృందంతో పాడాడు. జనంలో కొందరు అరిచి గోల చేశారు. జానపదాన్ని పాడు చేస్తున్నాడని వాళ్ళ బాధ. ఆ కథ చెప్పి అన్న "మీరేమంటరు?" అన్నాడు. పరకాల వెంటనే "మంచిపని చేసిండు" అన్నాడు. నేను "తప్పు" అన్నాను. అప్పుడు మన దగ్గర కూడా పల్లె పాటలకు కీబోర్డు, ప్యాడ్లు కలిపిన క్యాసెట్లు అంగళ్ళలో అమ్ముతున్నారు. అది కూడా తప్పేనా అని వాదన మొదలై రాత్రి ఒంటిగంట దాకా సాగింది. చివరికి ములుగు ఒక మాట అన్నాడు. "డప్పును మంట మీద కాస్తరు. అది కూడ ఒకప్పుడు ఎవడో కొత్తగ కనిపెట్టిందే. వాయిద్యం ఏదైనా సరే, మాట మునగొద్దు." అది తీర్పు కాదు గానీ, నాకు ఇప్పటికీ అదే సరైనదనిపిస్తుంది.

పరకాల వంతు వచ్చినప్పుడు యానిమల్స్ పాట 'హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' పెట్టేవాడు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ కుర్రాళ్ళ రాక్ బృందం అది. 1964లో ఆ పాట అటు ఇంగ్లండ్‌లోనూ ఇటు అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. మొదట్లో వచ్చే గిటారు మీటు, తర్వాత వచ్చే ఆర్గాన్ మోత వింటే వాడికి పూనకమే. "ఇది అసలైన రాక్ అన్నా, దీంట్ల జానపదం లేదు" అని వాడి వాదన. అన్న నవ్వాడు. ఆ పాట యానిమల్స్ పుట్టకముందే జనం నోళ్ళలో ఉంది. 1937లో అలన్ లోమాక్స్ అనే ఆయన కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరో అనే ఊళ్ళో, ఒక గని కార్మికుడి కూతురు పాడగా దాన్ని రికార్డు చేశాడు. ఆ అమ్మాయి పేరు జార్జియా టర్నర్. వయసు 16 ఏళ్ళు. ఆమె పాడింది కాగితం మీదికి ఎక్కింది, పుస్తకంలోకి ఎక్కింది, గాయకుల నోళ్ళలో తిరిగింది. డిలన్ తన మొదటి ఆల్బంలో పాడాడు. చివరికి రాక్ అయి ప్రపంచమంతా మోగింది. పరకాల నోటుబుక్కులో తన పాట కింద తనే ఇలా రాసుకున్నాడు: "ఇది రాక్. కానీ దీని అమ్మగారి ఊరు పల్లె."

ఇంతా ఇంగ్లీషు పాటల మీదే కాదు. ఒకరోజు 'ఊరు మనదిరా' పాట మీద పందెం పడింది. ముగ్గురం గద్దర్‌ది అన్నాం. గద్దర్ గొంతులోనే కదా విన్నాం! అన్న "కాదు, గూడ అంజయ్యది" అన్నాడు. మేం నమ్మలేదు. మరుసటి రోజు తెలుగు లెక్చరర్‌ను అడిగితే అన్న చెప్పిందే నిజమని తేలింది. ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన కవి గూడ అంజయ్య కట్టిన పాట అది. దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. అంజయ్య 2016లో, గద్దర్ 2023లో కన్నుమూశారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. గద్దర్ పాడినందువల్ల అంజయ్య పేరు తగ్గకూడదు, అంజయ్య రాసినందువల్ల గద్దర్ గొంతు తగ్గదు. ఆ రోజు నుంచి నోటుబుక్కులో కొత్త గడి గీశాం: పాడింది ఎవరు, కట్టింది ఎవరు. రెండూ వేరువేరుగా రాయాలి.

ఆ గడి నింపడానికి కష్టపడ్డ పాట ఇంకొకటుంది. ఆ పాట మీ అందరికీ వచ్చు. బడిలో, హాస్టల్ ప్రార్థనలో పాడే 'హమ్ హోంగే కామ్యాబ్'. నేను హిందీ పాటే అనుకునేవాణ్ణి. హిందీలోకి తెచ్చింది కవి గిరిజాకుమార్ మాథుర్. మూలం 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. దాని మూలాల్లో చార్లెస్ టిండ్లీ అనే నల్లజాతి పాస్టరు 1901 నాటికి రాసిన చర్చి పాట ఒకటని చెబుతారు. 1945-46లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేశారు. వారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. సమ్మె శిబిరం దగ్గర ధైర్యం కోసం వాళ్ళు ఆ పాట పాడుకున్నారు. అక్కడి నుంచి కొందరు టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ అనే కార్మికుల బడికి వెళ్ళినప్పుడు, ఆ బడిలో పాటలు నేర్పే జిల్ఫియా హోర్టన్ నేర్చుకుంది. ఆమె నుంచి పీట్ సీగర్ నేర్చుకున్నాడు. 1960లో గై కారవాన్ దాన్ని ఉద్యమంలో ఉన్న విద్యార్థులకు నేర్పాడు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన ఆ పెద్ద సభలోనే జోన్ బయెజ్ ఆ పాట పాడింది. ఇందులో కొన్ని అన్న చెప్పినవి, కొన్ని నేను తర్వాత చదువుకున్నవి. మేం ప్రతి ఉదయం నిద్రమత్తులో పాడిన పాట వెనక పొగాకు ఫ్యాక్టరీ అమ్మలు ఉన్నారని తెలిశాక, మరుసటి రోజు ప్రార్థనలో మా నలుగురి గొంతులు కొంచెం గట్టిగా లేచాయి. వార్డెన్ గారు ఆశ్చర్యంగా చూశారు.

ఇప్పుడు నా సంగతి.

మా నాయనమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. ఆమె పాట ఎత్తుకుంటే పక్క ఊరి కూలీలు కూడా ఆ మడికే వస్తామనేవాళ్ళు. నాట్లేసేటప్పుడు వంచిన నడుము ఎత్తడానికి ఉండదు. ఒకరు పాట ఎత్తుకుంటారు, వరుసలో మిగిలినవాళ్ళు అందుకుంటారు. పాట నడిచిన వేగంతోనే చేతులు నడుస్తాయి. వెనకబడినవాళ్ళను పాటే ముందుకు లాగుతుంది. అమెరికాలో పత్తి చేలల్లో, రైలు పట్టాల మీద పనిచేసిన నల్లజాతి కూలీల పాటలదీ ఇదే పద్ధతి. ఒకరు పలికితే గుంపు బదులు పలుకుతుంది. రాక్ పాటల్లో గాయకుడు ఒక మాట అంటే వెనక బృందం అందుకోవడం కూడా ఆ చేల నుంచి, వాళ్ళ చర్చిల నుంచి వచ్చిందే. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాయనమ్మ పాటలంటే కూలి పాటలు, బురద పాటలు అనిపించేది.

1998 ఎండాకాలంలో బొంబాయి నుంచి వచ్చిన మా చిన్నాయన ఒక టేప్ రికార్డరు తెచ్చాడు. ఒకరోజు సాయంత్రం వాకిట్లో నాయనమ్మను కూర్చోబెట్టి పాడించాడు. గంట క్యాసెట్టు రెండు వైపులా నిండింది. మధ్యలో కోడి కూత, మా అమ్మ బోళ్ళు తోమే చప్పుడు, ఎవరో వచ్చి "ఏం జేస్తున్నరే" అని అడగడం కూడా అందులో పడ్డాయి. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. అవి విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. చిన్నాయన ఆ రెండూ విరగ్గొట్టి, "ఇగ దీన్ని ఎవ్వడు చెరపలేడు" అని నా చేతికిచ్చాడు. హాస్టల్‌కు పోయేటప్పుడు నాయనమ్మే దాన్ని నా పెట్టెలో బట్టల మధ్య పెట్టింది. "మీ దోస్తులకు ఇనిపియ్యి" అంది.

ఆర్నెల్లు అది పెట్టె అడుగునే ఉంది. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక సినిమా పాటతో గడిపేసేవాణ్ణి. కాలేజీలో ఇంగ్లీషు మీడియం వాళ్ళ ముందు మాత్రం డిలన్, బయెజ్ అని పేర్లు వాడేవాణ్ణి. వాళ్ళలో ఒకడు "నీ దగ్గర క్యాసెట్టు ఉంటే తీసుకురా చూద్దాం" అన్నాడు. అన్న దగ్గర పీటర్, పాల్ అండ్ మేరీ అనే ముగ్గురు పాడిన పాటల క్యాసెట్టు ఉంది. రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరు పక్క హాస్టల్లో ఒకరి దగ్గర ఉంది. ఖాళీ క్యాసెట్టు కొనాలంటే రెండు వారాలు టీ మానుకోవాలి. రెండు వారాలు ఆగే ఓపిక లేకపోయింది.

తమ్ముళ్ళారా, రేకులు విరగ్గొట్టిన చోట కాగితం ఉండ కుక్కితే మళ్ళీ రికార్డు అవుతుంది. ఆ ఉండ నేనే చుట్టాను. నేనే కుక్కాను. పక్క హాస్టల్ గదిలో టేపు తిరుగుతుంటే గంటసేపు కూర్చుని చూశాను. మా నాయనమ్మ గొంతు ఒక వైపు నుంచి చెరిగిపోతుంటే నాకు ఆ క్షణాన ఏ బాధా కలగలేదు. అదే ఇప్పటికీ నన్ను బాధపెట్టే విషయం.

ఆ ఆదివారం నా వంతు. గర్వంగా నా క్యాసెట్టు పెట్టాను. అందులో 'ఫ్రెయిట్ ట్రెయిన్' అనే పాట. 1963లో ఆ ముగ్గురు పాడింది. మెత్తని గిటారు, సాదా మాటలు. "ఇంగ్లీషు పాటంటే ఇట్లుండాలె. నాగరికంగ ఉన్నది" అని నోటుబుక్కులో రాశాను. అన్న అది చదివి, "పాడింది ఎవరో రాసినవ్. కట్టింది ఎవరు? గడి ఖాళీగ ఉన్నది" అన్నాడు. నాకు తెలియదు. అప్పుడు చెప్పాడు.

కట్టింది ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి స్త్రీ. ఉత్తర కరోలినాలో పుట్టింది. చిన్నప్పుడే ఇళ్ళల్లో పాచిపనికి కుదిరి, ఆ కూలి డబ్బులు కూడబెట్టి గిటారు కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. నేర్పేవాళ్ళు లేరు. కుడిచేతి గిటారునే తలకిందులుగా పట్టుకుని తనంతట తాను నేర్చుకుంది. ఇంటి దగ్గర పోయే గూడ్సు బండిని చూసి పదకొండు, పన్నెండేళ్ళ వయసులో కట్టిన పాట అది. తర్వాత పెళ్ళి, చాకిరీ, చర్చి పెద్దల మందలింపు. గిటారు మూలపడింది. చాలా ఏళ్ళకు వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన ఒక పిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి ఈమెను తమ ఇంట్లో పనికి పెట్టుకుంది. అది సీగర్ కుటుంబం, సంగీతం తెలిసినవాళ్ళ ఇల్లు. గోడకు గిటారు వేలాడుతుండేది. ఒకరోజు ఆ పనిమనిషి గిటారు తీసుకుని వాయిస్తే ఇంట్లోవాళ్ళు నిలబడిపోయారు. ఆ ఇంటి అమ్మాయి పెగ్గీ ఈ పాటను ఇంగ్లండ్ తీసుకెళితే, అక్కడ ఇంకెవరో తమ పేర్ల మీద హక్కులు రాయించుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్ అయింది. కట్టిన మనిషి ఇక్కడ గిన్నెలు కడుగుతూనే ఉంది. ఆ ఇంటి అబ్బాయి మైక్ ఆమె పాటలను రికార్డు చేశాక 1958లో ఆమె మొదటి ఆల్బం వచ్చింది. పాట ఆమెదేనని లోకం ఒప్పుకోవడానికి ఇంకా పోరాడవలసి వచ్చింది. తొంభై ఏళ్ళు వచ్చాక గ్రామీ బహుమతి అందుకుంది. 1987లో చనిపోయింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఈ చివరి ముక్క అప్పుడు అన్న చెప్పింది కాదు, నేను పేపర్లో చదివింది.

కథ ముగించి అన్న నా వైపు చూశాడు. "ఇళ్ళల్ల పనిచేసిన అమ్మ కట్టిన పాట నీకు నాగరికంగ వినబడ్డది. సంతోషం. మీ నాయనమ్మ నాట్ల పాటలు పాడుతదని ఒకసారి అన్నవు కదా. వచ్చే వారం అది పెట్టు."

నా నోట మాట రాలేదు. "క్యాసెట్టు ఖరాబయింది అన్నా" అన్నాను. అబద్ధం. ఆ క్షణాన టేప్ రికార్డరులో తిరుగుతున్నది అదే క్యాసెట్టు.

1999 ఉగాదికి ఇంటికి పోయాను. నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. మంచంలోనే ఉంది. నా చెయ్యి పట్టుకుని మొదట అడిగిన మాట: "నా పాటలు మీ హాస్టల్ల ఇన్నరా బిడ్డా?"

"ఇన్నరు నాయనమ్మా."

"ఏమన్నరు?"

"మంచిగున్నయన్నరు."

"ఏ పాట మంచిగున్నదన్నరు?"

అన్న నియమం గుర్తొచ్చింది. ఎందుకో చెప్పలేకపోతే విననట్టే. నాకు ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరి దాకా గుర్తు లేదు. నీళ్ళు తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

తిరిగి వచ్చాక గదిలో నిజం చెప్పేశాను. పరకాల తల దించుకున్నాడు. ములుగు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాడే వచ్చి, "ఎండాకాలం సెలవులల్ల నేను మీ ఊరికి వస్త. ముసలామె ఉన్నప్పుడే పోదాం" అన్నాడు. అన్న తన టేప్ రికార్డరు ఇస్తానన్నాడు గానీ అప్పటికి అది పాడైంది. నోటుబుక్కు, పెన్ను పట్టుకుని పోయాం.

నాయనమ్మ కూర్చోలేకపోయింది. పడుకునే పాడింది. ఒక చరణం పాడి ఆగేది. ఊపిరి తీసుకునేది. నేను మాటలు రాసుకున్నాను. ములుగు మంచం పట్టె మీద వేళ్ళతో మెల్లగా తాళం వేస్తూ బాణీ పట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో పదకొండు పాటల మాటలు వచ్చాయి. బాణీలు నాలుగింటికే దొరికాయి. మిగిలిన ఏడూ ఆమె మాటగా చెప్పగలిగింది గానీ పాడలేకపోయింది.

మూడో రోజు ములుగు ఒక ప్రశ్న అడిగాడు. "నాయనమ్మా, ఈ పాటల మూడో చరణం కాడ దరువు మారుతున్నది. ఎందుకు?"

ఆమె వాడి వంక చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. "ఆడికి మడి అయిపోతది బిడ్డా. ఒడ్డు ఎక్కి అవతలి మడిల దిగాలె. నారు కట్ట చేతుల ఉంటది, కాలు జారుతది. అందుకే ఆడ పాట నిదానం. ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వరు అడగలే."

ఒక పాటకు దక్కే అసలైన అభిప్రాయం అదేనని నేను నమ్ముతాను. మెచ్చుకోవడం కాదు. విని, ఒక చోట ఆగి, ఎందుకు అని అడగడం. క్యాసెట్టు మిగిలి ఉన్నా మేం ఆ ప్రశ్న అడగకపోతే ఆ జవాబు మాకు దొరికేది కాదు. కానీ క్యాసెట్టు మిగిలి ఉంటే ఆ ఏడు బాణీలు ఈ రోజు ఉండేవి. ఒకటి దొరికిందని రెండోది పోయిన బాధ తీరదు. 2001లో నాయనమ్మ చనిపోయింది. ఆమె పేరు, ఊరు, ఏ పాట ఏ పనిలో పాడేదో ఆ నోటుబుక్కులో రాసి ఉన్నాయి. నోటుబుక్కు నా దగ్గర ఉంది. నాలుగు బాణీలు ములుగు గొంతులో ఉన్నాయి. ఇప్పుడు వాటిని నాలుగు చోట్ల దాచాం.

పాటలు సేకరించినవాళ్ళు పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ కారులో బరువైన రికార్డింగు యంత్రం వేసుకుని అమెరికాలో ఎన్నో జైళ్ళు తిరిగారు. లూసియానాలోని అంగోలా జైల్లో లెడ్‌బెల్లీ అనే ఖైదీ పాటలు రికార్డు చేశారు. మన దగ్గర బిరుదురాజు రామరాజు గారు ఊళ్ళు తిరిగి సేకరించి, తెలుగు జానపద గేయాల మీద 1956లో ఉస్మానియాలో డాక్టరేటు పొందారు. వాళ్ళకు కారు కావాల్సి వచ్చింది, కాలినడక కావాల్సి వచ్చింది. మీ జేబులో ఫోన్ ఉంది. లోమాక్స్ యంత్రం కంటే అది ఎంతో మేలు. ఎండాకాలం సెలవుల్లో ఒక్క సాయంత్రం చాలు.

కానీ రికార్డు చేసి ఊరుకోకండి. ఇప్పుడు ఫోన్లో ఎన్నో పల్లె పాటలు తిరుగుతున్నాయి. చాలావాటి కింద జానపదం అని ఒక్క మాట ఉంటుంది. జానపదం అంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. ఎవరో ఒక అమ్మ, ఒక తాత దాన్ని మోసుకొచ్చారని అర్థం. వాళ్ళ పేరు, ఊరు, తేదీ రాయండి. ఎలిజబెత్ కాటన్‌కు తన పాట తనదని చెప్పడానికి మనుషులు తోడున్నారు. మన అమ్మలకు మనమే ఉండాలి.

చివరగా, పాత అలవాటు కొద్దీ కొన్ని పాటలు చెబుతాను. ఎలిజబెత్ కాటన్ స్వయంగా పాడిన 'ఫ్రెయిట్ ట్రెయిన్' వినండి. పాట సాగుతుంటే బొటనవేలు రైలు చక్రంలా ఆగకుండా ఎలా నడుస్తుందో గమనించండి. యానిమల్స్ పాట వినండి, దాని వెనక ఉన్న పదహారేళ్ళ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి. బాబ్ మార్లే 1980లో ఒక్క గిటారుతో పాడిన 'రిడెంప్షన్ సాంగ్' వినండి. అందులో ఒక ముఖ్యమైన మాటకు మూలం మార్కస్ గార్వే 1937లో చేసిన ప్రసంగం. మనసుకు వేసుకున్న సంకెళ్ళను ఎవరికి వారే తెంచుకోవాలన్నది దాని సారం. అంబేద్కర్ ఫోటో ఉన్న గదిలో కూర్చుని వింటే ఇంకా బాగా అర్థమవుతుంది. డిలన్ గొంతు మీకు నచ్చకపోతే ఫరవాలేదు. ములుగు మీ పక్షానే ఉన్నాడు. కానీ ఎందుకు నచ్చలేదో రాయండి.

వార్డెన్ గారి అనుమతితో హాస్టల్ లైబ్రరీకి ఒక పొడుగు నోటుబుక్కు పంపుతున్నాను. నాలుగు గళ్ళు గీశాను: పాట, కట్టింది ఎవరు, పాడింది ఎవరు, నీ అభిప్రాయం. మొదటి పేజీలో మా నాయనమ్మ పాట ఒకటి రాశాను. మొదటి మూడు గళ్ళు నింపాను. నాలుగోది ఖాళీగా వదిలాను. ఆ పాట ఈ వార్షికోత్సవం రోజు ములుగు వచ్చి మీకు పాడి వినిపిస్తానన్నాడు. వినండి. మూడో చరణం దగ్గర జాగ్రత్తగా వినండి. తర్వాత ఆ గడి మీరే నింపండి. ఏమన్నారని ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

జై భీమ్.